రెండు జెండాల సూడాన్

(తెనాలిలో ఒక గ్రంథాలయం నెలవారీ సభలో, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన వక్త మాట్లాడినది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకి వినపడుతోందా అండీ? బాబూ, ఆ ఫ్యాను కాస్త తగ్గించు. ఆ, ఇప్పుడు బాగుంది.

మనది డెల్టా. గట్టు తగాదా అంటే ఏమిటో ఈ హాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. జానెడు గట్టు కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కడం, తండ్రి వేసిన దావా కొడుకు నెత్తిన పడడం మనం చూస్తూనే ఉన్నాం. అలాంటి మనకి నేనిప్పుడు చెప్పేది నమ్మబుద్ధి కాదు. ఆఫ్రికాలో రెండు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల ఒకటుంది. దాని పక్కన రెండు దేశాలున్నాయి. రెండూ ఆ నేల నాది కాదంటే నాది కాదంటున్నాయి. ఆ చోటి పేరు బీర్ తవీల్. అటు ఈజిప్టు, ఇటు సూడాన్.

ఎందుకలాగ? 1899లో ఒక ఒప్పందం రాసుకున్నప్పుడు 22వ అక్షాంశం మీద తిన్నగా గీత గీశారు, పైన ఈజిప్టు, కింద సూడాన్ అని. మూడేళ్లు పోయాక, 1902లో, పశువులు మేపుకునే తెగలు ఎవరెక్కడ తిరుగుతున్నారో చూసి, పాలనా సౌకర్యం కోసం ఇంకో గీత గీశారు, వంకరగా. ఆ వంకర గీతతో సముద్రం ఒడ్డున హలాయిబ్ అనే పెద్ద ముక్క సూడాన్ వైపు వచ్చింది, లోపల ఎడారిలో బీర్ తవీల్ అనే చిన్న ముక్క ఈజిప్టు వైపు పోయింది. రెండు వైపులా పెత్తనం బ్రిటిష్ వాళ్లదే గనక, ఏ గీత అసలుది అని అప్పట్లో ఎవరూ తేల్చలేదు. ఇవాళ ఈజిప్టు తిన్నటి గీతే సరైనదంటుంది, హలాయిబ్ వస్తుంది కాబట్టి. సూడాన్ వంకర గీతే సరైనదంటుంది, అదే హలాయిబ్ కోసం. హలాయిబ్ కావాలన్నవాడు బీర్ తవీల్ వదులుకోవాలి. బీర్ తవీల్ నాదే అన్నాడా, హలాయిబ్ మీద తన దావా తనే కొట్టేసుకున్నట్టు. అందుకని అదలా దిక్కులేకుండా పడి ఉంది. హలాయిబ్ మాత్రం 1990ల నుంచి ఈజిప్టు చేతిలో ఉంది.

ఈ చిక్కు వేసింది ఉమ్మడి పాలన. ఇంగ్లీషు పుస్తకాల్లో కాండొమీనియం అని రాస్తారు. ఒక దేశానికి ఇద్దరు యజమానులు, బ్రిటన్, ఈజిప్టు. 1899 నుంచి 1956 దాకా, 57 ఏళ్లు సూడాన్ అలా నడిచింది. ఇవాళ నేను మాట్లాడేది దాని గురించే.

ముందుగా ఇది చూడండి. స్టాంపు. ముందు వరస నుంచి వెనక్కి అందించండి, కవర్లోంచి మాత్రం తీయకండి. నేను ఏడో తరగతిలో ఉండగా మా మేనమామ ఇచ్చిన ఆల్బమ్‌లోది. ఒంటె మీద తపాలా మనిషి. ఒంటె పరుగులో ఉంది, చుట్టూ ఇసుక. కింద సూడాన్ అని రాసి ఉంది. చిన్నప్పుడు నాకు ఒంటె ఒక్కటే కనపడింది. బాగా పెద్దయ్యాక గాని తట్టలేదు, ఈ స్టాంపు మీద రాజు లేడని! బ్రిటిష్ వాళ్లు పాలించిన దాదాపు ఏ దేశం స్టాంపు తీసుకున్నా విక్టోరియా రాణో, ఎడ్వర్డో, జార్జో కనపడతారు. మన పాత స్టాంపులూ అంతే కదా. మరి ఇక్కడ ఎవరి తల వేస్తారు? లండన్ రాజు తల వేస్తే కైరో ఊరుకోదు. కైరో ఖెదివ్, అంటే ఈజిప్టు పాలకుడి తల వేస్తే లండన్ ఊరుకోదు. అందుకని ఒంటెని వేశారు. 1898లో మొదలైన ఆ ఒంటె అర్ధశతాబ్దం పాటు అలా పరుగెత్తుతూనే ఉంది.

ఇంకొకటి. దీన్ని వెలుతురుకి పట్టి చూస్తే కాగితం లోపల నీడలాగ ఒక గుర్తు కనపడుతుంది, వాటర్‌మార్కు. మొదట వేసిన గుర్తు పువ్వులాంటిది. అది శిలువలా ఉందని ముస్లింలు అభ్యంతరం చెప్పారు, తీసేసి నెలవంకా నక్షత్రం పెట్టారు. చేతిలో పట్టేంత కాగితం ముక్కలో ఎవరి మొహం ఉండాలి, ఎవరి గుర్తు ఉండాలి అని ఇంత బేరం జరిగిందంటే, ఇక ఆ దేశాన్ని నడపడంలో ఎంత జరిగి ఉంటుందో మీరే ఊహించండి.

సరే, ఇద్దరు యజమానులు ఎలా తయారయ్యారు? గబగబా చెప్పేస్తాను. 1820, 21లో ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ సైన్యం పంపి సూడాన్‌ని పట్టుకున్నాడు. బానిసల కోసం, బంగారం కోసం. అరవై ఏళ్లు పన్నులతో పీల్చారు. 1881లో మహమ్మద్ అహ్మద్ అనే మత గురువు నేనే మహదీని, అంటే ముస్లింలు ఎదురుచూసే రక్షకుణ్ణి, అని లేచాడు. జనం వెనక నడిచారు. 1885 జనవరి 26న ఖార్టూమ్ పడిపోయింది, అక్కడున్న బ్రిటిష్ జనరల్ గోర్డన్ హతమయ్యాడు. ఆ తర్వాత పదమూడేళ్లు సూడాన్ సూడాన్ వాళ్లదే. ఈలోపు 1882లోనే ఈజిప్టు మీద బ్రిటిష్ వాళ్లు దిగారు. పేరుకి ఈజిప్టు తుర్కీ సుల్తానుది, పేరుకి గద్దె మీద ఖెదివ్, అసలు పెత్తనం బ్రిటిష్ కాన్సుల్ జనరల్ క్రోమర్ ప్రభువుది. 1896లో బ్రిటిష్ సేనాని కిచనర్ సైన్యం నైలు వెంబడి దక్షిణానికి బయల్దేరింది. 1898 సెప్టెంబర్ 2, ఒండుర్మాన్ పక్కన కరారీ మైదానం. పొద్దున్నే మొదలై మధ్యాహ్నం లోపే అయిపోయింది. సూడాన్ వైపు పదివేల మందికి పైగా చచ్చిపోయారు. కిచనర్ వైపు యాభై మంది లోపు. దాన్ని యుద్ధం అనడానికి నాకు నోరు రాదు.

ఇప్పుడు అసలు లెక్క చూడండి. కిచనర్ సైన్యం సుమారు 25 వేలు. అందులో బ్రిటిష్ సైనికులు 8 వేలు. మిగతావాళ్లు ఈజిప్టు వాళ్లు, ఈజిప్టు సైన్యంలోని సూడాన్ వాళ్లు. ఆ దండయాత్ర ఖర్చులో మూడింట రెండు వంతులు ఈజిప్టు ఖజానాది. 1899 జనవరి 19న ఒప్పందం మీద బ్రిటన్ తరఫున క్రోమర్, ఈజిప్టు తరఫున విదేశాంగ మంత్రి బుత్రోస్ ఘాలీ సంతకాలు పెట్టారు. సూడాన్ తరఫున? ఎవరూ లేరు. ఆ కాగితంలో ఏముందంటే, దేశమంతటా రెండు జెండాలు పక్కపక్కన ఎగరాలి. గవర్నర్ జనరల్‌ని ఖెదివ్ నియమిస్తాడు, కాని బ్రిటన్ చెప్పిన మనిషినే నియమించాలి. తీసెయ్యాలంటే బ్రిటన్ ఒప్పుకోవాలి. చట్టం చేసేదీ, మార్చేదీ, రద్దు చేసేదీ ఆ గవర్నర్ జనరలే. 57 ఏళ్లలో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లంతా బ్రిటిష్ వాళ్లే. ఒక్కరంటే ఒక్క ఈజిప్షియన్ లేడు.

మన ఇళ్లలో ముసలమ్మలు ఆవు పంపకం కథ చెప్పేవాళ్లు. అన్నదమ్ములు ఆవుని పంచుకున్నారు. ముందు భాగం తమ్ముడిది, వెనక భాగం అన్నది. తమ్ముడు కుడితి పెట్టాలి, గడ్డి వెయ్యాలి. అన్న చెంబు పట్టుకుని పాలు పితుక్కుంటాడు. ఇక్కడ ఈజిప్టు తమ్ముడు, బ్రిటన్ అన్న. సూడాన్ బడ్జెట్ లోటుని ఏళ్ల తరబడి ఈజిప్టు పూడ్చింది. రైళ్లకీ, 1909లో తెరిచిన పోర్ట్ సూడాన్ రేవుకీ ఈజిప్టు డబ్బు పోసింది. సొమ్మొకడిది, సోకొకడిది. కైరోలో ఎంత కడుపు మండి ఉంటుంది? 1910లో బుత్రోస్ ఘాలీని ఒక యువకుడు కాల్చి చంపాడు. దానికి చెప్పిన కారణాల్లో ఈ సంతకం ఒకటి. ఆయన మనవడే తర్వాత ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్ అయిన బుత్రోస్ బుత్రోస్ ఘాలీ.

ఆ కథని మనం ఎప్పుడూ అన్నదమ్ముల వైపు నుంచే వింటాం. తమ్ముడికి అన్యాయం జరిగింది, అన్న మోసం చేశాడు అని. ఆవు సంగతి ఎవరూ అడగరు. సూడాన్ చరిత్ర చదువుతుంటే నాకు అదే అనిపిస్తుంది. కైరోలో రాసిన పుస్తకంలో తమ్ముడి బాధ ఉంటుంది, లండన్‌లో రాసిన పుస్తకంలో అన్న గొప్ప ఉంటుంది. ఆవు గురించి చెప్పుకోవాలండీ.

మీలో టీచర్లు ఉన్నారు. బెంగాల్లో క్లైవ్ పెట్టిన ద్వంద్వ ప్రభుత్వం పిల్లలకి చెబుతారు కదా, బాధ్యత నవాబుది, అధికారం కంపెనీది అని. దాదాపు అదే బాపతు. మన పోలికలు అక్కడితో ఆగవు. 1899లో సూడాన్‌కి రాసిన శిక్షా స్మృతి ఎక్కడిది? మన ఇండియన్ పీనల్ కోడే, కొద్దిగా మార్చి పెట్టారు. నైలు మీద పనిచేసిన పెద్ద ఇంజనీర్లు ఎక్కడివాళ్లు? స్కాట్ మాంక్రీఫ్, గార్‌స్టిన్, విల్‌కాక్స్, అందరూ మన దేశపు కాలవల మీద చెయ్యి తిరిగినవాళ్లే. విల్‌కాక్స్ పుట్టింది మన దేశంలోనే, ఇంజనీరింగు చదివింది రూర్కీలో. మన దగ్గర నేర్చిన విద్య అక్కడ వాడారు. మంచికి కొంత, చెడుకి కొంత.

ఇక 1924. ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి. అలీ అబ్దుల్ లతీఫ్ అనే సైనికాధికారి ఉండేవాడు. తల్లి దక్షిణాన డింకా తెగ మనిషి, తండ్రిది నూబా కొండలు. అరబ్బు పెద్దింటి బిడ్డ కాదు. ఆయన 1922లో సూడాన్ జాతి హక్కుల గురించి ఒక వ్యాసం రాస్తే, అది అచ్చు కాకముందే ఏడాది జైలు వేశారు. బయటికొచ్చి శ్వేత ధ్వజ సమితి పెట్టాడు. 1924లో ఊరూరా ఊరేగింపులు. మళ్లీ జైలు. అదే ఏడాది నవంబర్లో కైరో వీధిలో గవర్నర్ జనరల్ లీ స్టాక్‌ని ఈజిప్టు యువకులు కాల్చి చంపారు. బ్రిటిష్ హై కమిషనర్ అలెన్‌బీ ఈజిప్టుకి అల్టిమేటం ఇచ్చాడు. ఐదు లక్షల పౌండ్ల జరిమానా కట్టాలి. ఈజిప్టు సైన్యం సూడాన్ వదిలి పోవాలి. ఇంకో షరతు, నీళ్ల షరతు: సూడాన్‌లోని గెజీరా ప్రాంతంలో సాగు విస్తీర్ణాన్ని ఇక హద్దు లేకుండా పెంచుతాం.

ఈ మూడో షరతు దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను, నా బతుకంతా కాలవల మీద గడిచింది కాబట్టి. నది పైన ఉన్నవాడు కింద ఉన్నవాణ్ణి చూసి, నీ నీళ్లకి హద్దు లేకుండా గండి కొడతాను అన్నాడు. ఎందుకు? ఒక హత్యకి శిక్షగా. ఈజిప్టుకి నైలు తప్ప వేరే నీళ్లు లేవు. ఆ బెదిరింపు కైరో గుండెల్లోంచి ఇప్పటికీ పోలేదని నేను నమ్ముతాను. తర్వాత బ్రిటన్ వెనక్కి తగ్గింది, కమిషన్ వేసింది, 1929లో నైలు జలాల ఒప్పందం రాసుకున్నారు. అందులో వాటాలు వినండి, మన లెక్కలో చెబుతాను. ఈజిప్టుకి 48 బిలియన్ ఘనపు మీటర్లు, అంటే దాదాపు 1,695 టీఎంసీలు. సూడాన్‌కి 4 బిలియన్లు, అంటే 141 టీఎంసీలు. మన కృష్ణా మొత్తానికి బచావత్ ట్రిబ్యునల్ కట్టిన లెక్క 2,060 టీఎంసీలు. దాంతో పోల్చుకోండి. అదీగాక జనవరి 20 నుంచి జూలై 15 దాకా నదిలో సహజంగా పారే నీళ్లు ఈజిప్టువి, సూడాన్ ముట్టుకోకూడదు. మన భాషలో చెప్పాలంటే దాళ్వా నీళ్లన్నీ కింది వాడివే.

ఆ కాగితం మీద సూడాన్ తరఫున సంతకం పెట్టింది ఎవరు? బ్రిటన్. ఎగువన ఇథియోపియాని అడిగారా? లేదు. సూడాన్ రైతుని? అసలే లేదు. ఉమ్మడి యజమానులు ఒకళ్లతో ఒకళ్లు రాజీపడ్డారు, అంతే.

గెజీరా గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. నీలి నైలుకీ తెల్ల నైలుకీ మధ్య ఉన్న నేల. నల్లరేగడి, మన గుంటూరు పత్తి చేలు చూసినట్టే. నేల నీలి నైలు వైపు నుంచి సన్నగా వాలుతూ వెళుతుంది, పంపు అక్కర్లేదు, నీళ్లు వాటంతటవే పారతాయి. 1925లో సెన్నార్ డ్యామ్ పూర్తయింది. పెద్ద కాలవ, దాన్నుంచి మేజర్లు, మైనర్లు. పొలంలోకి నీళ్లు తీసుకెళ్లే పిల్లకాలవని అబూ ఇష్రీన్ అంటారు. దాని కింద 90 ఫెద్దాన్ల మడి, దాన్ని నిమ్రా అంటారు. ఫెద్దాన్ అంటే ఎకరం కంటే రవ్వంత ఎక్కువ. ఇందులో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, రాత్రిళ్లు రైతు నీళ్లు పెట్టుకోడు. కాని డ్యామ్ దగ్గర నీళ్లు ఆగవు కదా. అందుకని మైనరు కాలవలనే వెడల్పుగా తవ్వి, రాత్రి వచ్చే నీళ్లని వాటిలోనే నిలవ పెట్టి, తెల్లారాక పొలానికి వదిలేవాళ్లు. కాలవే చెరువు. మన లస్కర్లు రాత్రంతా లాంతరు పట్టుకుని తూముల చుట్టూ తిరిగిన రోజులు తలుచుకుంటే ఆ పనితనానికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

పనితనం గొప్పదే. ఎవరి కోసం? లాంకషైర్ మిల్లులకి పొడుగు పింజ పత్తి కోసం. పత్తి రాబడిలో రైతుకి 40 పాళ్లు. మిగతా 60 ప్రభుత్వం, ఒక ప్రైవేటు సిండికేటు పంచుకునేవి. ఎప్పుడు విత్తాలి, ఎప్పుడు పీకాలి, ఏ మడి బీడు పెట్టాలి, అన్నీ పైవాళ్లు చెప్పాల్సిందే. జొన్న మాత్రం రైతు సొంతం. వాళ్ల దుర్రా మన జొన్నే, దాంతో కిస్రా అని పల్చటి రొట్టె చేసుకుంటారు. 1930ల్లో పత్తి ధర పడిపోయినప్పుడు ఆ కుటుంబాల కడుపు నింపింది ఆ జొన్నే.

దేశానికొచ్చిన డబ్బంతా ఈ ఖార్టూమ్, గెజీరా చుట్టూనే పోగుపడింది. బడులు అక్కడే, ఆస్పత్రులు అక్కడే, రైళ్లు అటే. 1902లో తెరిచిన గోర్డన్ కాలేజీ ఖార్టూమ్‌లో. పడమటి డార్ఫర్ సంగతి తీసుకోండి. అది 1916 దాకా అలీ దినార్ ఏలిన సొంత సుల్తానేటు. ఆయన్ని చంపి కలిపేసుకున్నారు. కలిపేసుకున్నాక ఏం చేశారు? డార్ఫర్‌లోని న్యాలాకి రైలు వచ్చింది 1959లో, స్వాతంత్ర్యం వచ్చిన మూడేళ్లకి. దక్షిణాన వావ్‌కి 1962లో. ఇప్పుడు ఎక్కడెక్కడ తుపాకులు మోగుతున్నాయో మ్యాపు మీద చూడండి. డార్ఫర్ పేరు పేపర్లో చదివినప్పుడల్లా నాకు ఆ రైలు పట్టా ఆగిపోయిన చోటు గుర్తొస్తుంది.

మంచినీళ్లు కాసిని ఇస్తారా... థాంక్సండి.

1924 తర్వాత బ్రిటిష్ వాళ్లు చదువుకున్నవాళ్లని నమ్మడం మానేశారు. సైనిక పాఠశాల మూసేశారు. తెగల పెద్దలకి అధికారాలిచ్చారు. దక్షిణం విషయంలో ఇంకా దూరం వెళ్లారు. 1922లోనే మూసిన జిల్లాల ఉత్తర్వు వచ్చింది. పర్మిట్ లేకుండా బయటివాడు లోపలికి పోకూడదు. 1930లో దాన్ని దక్షిణ విధానం అని తేటగా రాసిపెట్టారు. ఉత్తరాది వర్తకులు బయటికి. అరబ్బీ మాట వద్దు, అరబ్బు పేరు వద్దు, ఆ చొక్కాలు కుట్టొద్దు. బడులు క్రైస్తవ మిషనరీలకి, జిల్లాల వారీగా పంచేశారు, ఇది క్యాథలిక్కులకి, అది ప్రొటెస్టెంట్లకి అని. 1928లో రెజాఫ్ అనే ఊళ్లో భాషల సమావేశం పెట్టి డింకా, నువేర్, బారీ, షిల్లుక్, లొటుకో, జాండే, ఈ ఆరు భాషల్లో పాఠాలు చెప్పాలని తేల్చారు.

ఇక్కడ నా మాట చెబుతాను. తల్లి భాషలో చదువంటే నాకు ప్రాణం. ఈ గ్రంథాలయంలోనే ఎన్నోసార్లు మాట్లాడాను. డింకా పిల్లవాడు డింకాలో అక్షరాలు దిద్దుకోవడం మంచిదే. కాని ఆ తర్వాత? పై చదువు ఏది? ఉత్తరాది పిల్లవాడు గోర్డన్ కాలేజీకి పోతుంటే వీడు మిషన్ బడి మెట్టు దగ్గర ఆగిపోయాడు. భాష పేరు చెప్పి తలుపు వేశారు. అందుకే నేను దాన్ని భాషాభిమానం అనను.

మరి 1946 చివర్లో ఏం చేశారు? పాతికేళ్లు గోడ కట్టినవాళ్లే, ఒక్కసారిగా, గోడ తీసేస్తున్నాం, ఉత్తరం దక్షిణం ఒకటే అన్నారు. 1947 జూన్‌లో జూబాలో రెండు రోజుల సమావేశం. దక్షిణాది పెద్దలు మొదటి రోజు, మేమింకా చదువులో చిన్నవాళ్లం, మాకు భయంగా ఉంది అన్న ధోరణిలో మాట్లాడారు. రెండో రోజుకి కొందరు మెత్తబడ్డారు. వాళ్లు ఒప్పుకున్నట్టు రాసేసుకున్నారు. ఎందుకంత తొందర? ఉమ్మడి యజమానుల మధ్య పందెం మొదలైంది కాబట్టి.

ఆ పందెం ఎలాంటిదో చూడండి. ఉత్తరాదిలో రెండు పెద్ద మత కుటుంబాలు. ఒకటి మహదీ కొడుకు అబ్దుల్ రహమాన్‌ది. తండ్రి సమాధిని కిచనర్ ఫిరంగులతో కొట్టించి ధ్వంసం చేస్తే, కొడుకుని అదే బ్రిటిష్ వాళ్లు పెద్దమనిషిని చేసి, భూములిచ్చి పెంచారు, ఈజిప్టుకి పోటీగా. ఆయన నీడలో ఉమ్మా పార్టీ, సూడాన్ సూడానీలదే అంటుంది. రెండోది అలీ మిర్ఘనీది, ఖత్మియా శాఖ. ఆయన నీడలో ఈజిప్టుతో ఐక్యత కోరే పార్టీ. ఇద్దరు యజమానులు, ఇద్దరు సయ్యదులు, అంటే ఈ ఇద్దరు మత పెద్దలు, రెండు పార్టీలు. గెజీరా రైతు ఏ పార్టీకి ఓటెయ్యాలో నిర్ణయించింది ఆయన ఏ సయ్యదు చెయ్యి ముద్దుపెట్టుకుంటాడన్నదే. లతీఫ్ కలగన్న పార్టీ, ఏ సయ్యదుదీ కాని పార్టీ, పుట్టనే లేదు. ఆయన 1948లో ఈజిప్టులో చనిపోయాడు.

1951లో ఫరూక్ రాజు నేనే ఈజిప్టుకీ సూడాన్‌కీ రాజునని ప్రకటించుకున్నాడు. మరుసటేడు సైన్యం ఆయన్నే దింపేసింది. కొత్త నాయకుడు నజీబ్ పుట్టింది ఖార్టూమ్‌లో. ఆయన సూడాన్ పార్టీలతో నేరుగా మాట్లాడాడు. 1953 ఫిబ్రవరి 12న బ్రిటన్, ఈజిప్టు స్వపరిపాలన ఒప్పందం చేసుకున్నాయి. దక్షిణాది వాళ్లని ఆ మాటలకి పిలవలేదు. మళ్లీ అదే.

ఇక్కడ మనకి గర్వంగా చెప్పుకునేది ఒకటి ఉంది. ఆ 1953 ఎన్నికలు ఎవరు జరపాలి? బ్రిటన్ జరిపితే ఈజిప్టు నమ్మదు, ఈజిప్టు జరిపితే బ్రిటన్ నమ్మదు. ఏడుగురి కమిషన్ వేసి, అధ్యక్షుడిగా మన దేశం నుంచి సుకుమార్ సేన్‌ని తీసుకెళ్లారు. మన మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిపిన ఆయనే. ఐక్యతావాదుల పార్టీకి 97 సీట్లలో 51 వచ్చాయి. ఇస్మాయిల్ అల్ అజ్హరీ ప్రధాని. కాని గెలిచాక ఆయనే ఈజిప్టుతో కలవడం వద్దన్నాడు. జనం నాడి అది.

తర్వాత ఉద్యోగాల పంపకం. బ్రిటిష్, ఈజిప్షియన్ అధికారులు ఖాళీ చేసిన కుర్చీలు సుమారు 800. అందులో దక్షిణాది వాళ్లకి ఎన్ని ఇచ్చారు? చేతి వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. ఆరు. చదువు చెప్పకుండా గోడ కట్టినవాడు ఒకడు, నీకు చదువు లేదని కుర్చీ ఇవ్వనివాడు ఇంకొకడు. 1955 ఆగస్టు 18న తోరిత్‌లో దక్షిణాది సైనికులు తిరగబడ్డారు. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ఇంకా నాలుగు నెలల పైనే ఉంది. అంతర్యుద్ధం ముందు వచ్చింది, దేశం తర్వాత పుట్టింది.

ఆ తర్వాతవి మీకు పేపర్ల ద్వారా తెలిసినవే, వివరంగా వెళ్లను. 1972లో ఆగింది, 1983లో మళ్లీ మొదలైంది, 2005లో ఒప్పందం, 2011 జనవరిలో రెఫరెండం. దక్షిణాది వాళ్లు దాదాపు 99 శాతం మంది విడిపోతామన్నారు. జూలై 9న దక్షిణ సూడాన్. విడిపోయినా గొడవ తీరలేదు, మధ్యలో అబ్యెయ్ అనే ప్రాంతం ఉంది. 1905లో ఉమ్మడి పాలకులు ఎంగోక్ డింకా పెద్దల తొమ్మిది ఇలాకాలని దక్షిణాది రాష్ట్రం నుంచి తీసి ఉత్తరాన కొర్దోఫాన్‌లో కలిపారు, ఒక పరిపాలనా ఉత్తర్వు మీద. ఆ ఉత్తర్వు మీద ఇవాళ్టికీ జనం చస్తున్నారు. 2023 జనవరిలో ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో మన మహిళా సైనికుల బృందం వెళ్లింది ఆ అబ్యెయ్‌కే.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. 1959లో స్వతంత్ర సూడాన్, ఈజిప్టు మళ్లీ పంచుకున్నాయి. ఈజిప్టుకి 55.5 బిలియన్లు, మన లెక్కలో 1,960 టీఎంసీలు. సూడాన్‌కి 18.5, అంటే 653. మళ్లీ ఇథియోపియాని అడగలేదు. ఈజిప్టు కట్టిన ఆస్వాన్ హై డ్యామ్ నీళ్లలో సూడాన్‌లోని వాదీ హల్ఫా ఊరు మునిగింది. యాభై వేల మంది నూబియన్లని నైలు ఒడ్డు నుంచి లేపి అత్బారా నది మీద ఖష్మ్ అల్ గిర్బా దగ్గర పెట్టారు. శ్రీశైలం ముంపు చూసినవాళ్లకి ఆ బాధ చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఇథియోపియా నీలి నైలు మీద పెద్ద డ్యామ్ కట్టేసింది, 2025 సెప్టెంబర్లో ప్రారంభించింది. పాత కాగితాలు చూపించి కైరో నా హక్కు అంటుంది, నేను సంతకం పెట్టలేదు కదా అని ఇథియోపియా అంటుంది. ఇద్దరి మాటా విన్నాను. ఇద్దరి వేలూ నాకు 1929 వైపే చూపిస్తున్నట్టుంటుంది.

2023 ఏప్రిల్ 15న ఖార్టూమ్‌లో మళ్లీ యుద్ధం. ఈసారి కలిసి గద్దె మీద కూర్చున్న ఇద్దరు జనరల్స్, బుర్హాన్, హెమెద్తీ. కోటి మందికి పైగా ఇళ్లు వదిలారు. మనవాళ్లని ఆపరేషన్ కావేరి పేరుతో ఖార్టూమ్ నుంచి బస్సుల్లో పోర్ట్ సూడాన్ చేర్చి, ఓడల్లో, విమానాల్లో జెడ్డా తీసుకెళ్లారు గుర్తుందా? ఆవుకి కుడితి పెట్టిన తమ్ముడి డబ్బు పోసిన రేవు అదే. హైదరాబాద్‌లో సూడాన్ విద్యార్థులు చాలామంది ఉన్నారు. మీ పిల్లలు అక్కడ చదువుతుంటే, వాళ్ల క్లాసులో సూడాన్ కుర్రాడు ఉంటే, ఇంటికి ఫోన్ కలుస్తోందా అని ఒక్క మాట అడగమనండి.

రెండు జెండాల సంగతి చెప్పాను, జెండా దగ్గరే ఆపుతాను. 1955 ఏప్రిల్లో బాండుంగ్ మహాసభకి సూడాన్ ప్రతినిధులు వెళ్లేసరికి వాళ్లకి సొంత జెండా లేదు. నెహ్రూగారు ఒక తెల్ల రుమాలు మీద సూడాన్ అని రాసి వాళ్ల ముందు పెట్టారని చెప్పుకుంటారు. 1956 జనవరి 1న ఖార్టూమ్ భవనం మీద నుంచి రెండు జెండాలూ దించారు. ప్రధాని అజ్హరీ, ప్రతిపక్ష నాయకుడు మహజూబ్, ఇద్దరూ కలిసి తాడు లాగి కొత్త జెండా ఎగరేశారు. నీలం, పసుపు, ఆకుపచ్చ. నీలం నైలు, పసుపు ఎడారి, ఆకుపచ్చ పొలం. అందులో అరబ్బు లేడు, డింకా లేడు, సయ్యదు లేడు, నేలా నీళ్లూ మాత్రమే. 1970లో సైనిక ప్రభుత్వం దాన్ని తీసేసి అరబ్బు రంగుల జెండా పెట్టింది. 2019లో ఖార్టూమ్‌లో సైనిక కార్యాలయం ముందు వారాల తరబడి కూర్చున్న పిల్లల్లో కొందరు ఆ పాత మూడు రంగుల జెండా మళ్లీ బయటికి తీశారు. దాన్ని దించినప్పుడు వాళ్లలో చాలామంది పుట్టనే లేదు.

నేను రాసుకొచ్చింది ఇంతే. స్టాంపు ఎవరి దగ్గర ఆగిందో కాస్త ముందుకి పంపండి. అడగాల్సినవి ఉంటే అడగండి, మైకు ఇస్తారు.